చెల్లి పెళ్లికి వైజాగ్‌లో హాలు

మూడు ఆదివారాలు. శ్రీకాకుళం నుంచి వైజాగ్, మళ్లీ వెనక్కి. అబ్బాయి వాళ్లది వైజాగే, పెళ్లి అక్కడే చేయాలన్నారు. సరే అన్నాం. ఆ 'సరే' ఎంత బరువో ఇప్పుడు తెలుస్తోంది.

బీచ్ రోడ్డులో చూసిన మొదటి హాలుకే చెల్లి పడిపోయింది. నాన్న మాత్రం మేనేజర్‌ని అడిగిన మొదటి ప్రశ్న, "బస్సు ఎక్కడ తిప్పాలి బాబూ?" అని. మా ఊరి నుంచి రెండు బస్సుల జనం మరి. అక్కడ కార్లకే చోటు లేదు.

రెండోచోట అద్దె తక్కువే అనిపించింది. తీరా కాగితం చేతికొచ్చాక చూస్తే కరెంటు మీటరు లెక్కన, జనరేటర్‌కి డీజిల్ వేరు, క్లీనింగ్ వేరు, పైన 18 శాతం జీఎస్టీ. వంటకి బయటివాళ్లని రానివ్వరట. మా ఊరి వంట మేస్త్రి చేత పనసపొట్టు కూర చేయించాలని అమ్మ ఎప్పటినుంచో అనుకుంటోంది. కారెక్కేదాకా మాట్లాడలేదు.

ఇంకోచోట ఉదయం 6కి ఖాళీ చేసేయాలన్నారు. మా ముహూర్తం రాత్రి 2 దాటాక. అప్పగింతల్లో ఏడవడానికైనా టైముండాలి కదండీ!

చివరికి ఆనందపురం దగ్గర ఒకటి కుదిరింది. సముద్రం కనపడదు, చెల్లి ఇంకా మూతి ముడుచుకునే ఉంది. కానీ మావాళ్లు హైవే మీద నేరుగా వచ్చి, సిటీ ట్రాఫిక్‌లో పడకుండా దిగిపోవచ్చు. వంటవాళ్లు మన ఇష్టం.

అడ్వాన్స్ కట్టి ఇంటికొస్తే నాన్నమ్మ "అంత దూరం ఎవులొస్తార్రా" అంది. బస్సులో కిటికీ పక్క సీటు మాత్రం అప్పుడే అడిగేసింది.