గవర్నర్‌ని ఎన్నుకోవడమేంటే?

2022 నవంబరు. పసిఫిక్‌లో అమెరికా ఏలుబడిలో ఉన్న గువామ్ దీవిలో గవర్నర్ ఎన్నికలు. సాయంత్రాలు మెరీన్ కోర్ డ్రైవ్ అనే రోడ్డు పక్కన రంగురంగుల టీ షర్టుల గుంపులు, బోర్డులు పట్టుకుని వచ్చేపోయే కార్లకు చేతులూపుతుండేవి. మా పదేళ్ల అమ్మాయి కారు అద్దం దించి, పార్టీ భేదం లేకుండా అందరికీ చెయ్యూపేది.

ఆదివారం తెనాలికి వీడియో కాల్ చేస్తే దానిదే హడావిడి. "అమ్మమ్మా, మా గవర్నర్ ఎన్నికలు!"

"గవర్నర్‌ని ఎన్నుకోవడమేంటే? ఢిల్లీ నుంచి పంపుతారు కదా!"

నవ్వొచ్చింది గానీ, ఇక్కడా ఒకప్పుడు అదే కథ. 1898లో స్పెయిన్ నుంచి అమెరికా చేతికొచ్చాక, మధ్యలో జపాన్ ఆక్రమణ కాలం తప్ప, దాదాపు అర్ధ శతాబ్దం నేవీ అధికారులే గవర్నర్లు. ఆ తర్వాత వాషింగ్టన్ నియమించినవాళ్లు. జనం ఓటేసి ఎన్నుకోవడం 1970లోనే మొదలు. అప్పుడు గెలిచిన కార్లోస్ కమాచో అంతకుముందు నియమిత గవర్నరే. ఈసారి పోటీలో ఉన్న ఫెలిక్స్ కమాచో ఆయన కొడుకు.

"ఓహో, అక్కడా అంతేనా," అంది అమ్మ, దీవి మొత్తం ఒక్క ముక్కలో అర్థమైపోయినట్టు.

అవతలి అభ్యర్థి లూ లియోన్ గెరెరో. 2018లో గెలిచి గువామ్ తొలి మహిళా గవర్నర్ అయినావిడ. మా అమ్మాయి స్కూల్లో ఇక్కడి చమోరో భాష నేర్చుకుంటోంది కదా, గవర్నర్ అయిన ఆవిడని ఆ భాషలో "మగా హాగ" అంటుంది.

"ఆడమనిషిని పట్టుకుని మగ అంటావేంటే?"

"కాదమ్మమ్మా! హాగ అంటే కూతురు. మగవాళ్లయితే మగా లాహి."

నాకింకా ఇండియా పాస్‌పోర్టే, ఓటు లేదు. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది కాబట్టి 18 నిండితే గవర్నర్‌కి ఓటేస్తుంది. కానీ ఈ దీవిలో ఉన్నంతకాలం అమెరికా అధ్యక్షుణ్ణి ఎన్నుకునే వీల్లేదు, పౌరురాలైనా సరే. అధ్యక్ష ఎన్నికలప్పుడు ఇక్కడా ఓట్లు వేయిస్తారు, లెక్కపెట్టి ప్రకటిస్తారు, అసలు లెక్కలో మాత్రం కలపరు. "కలపనప్పుడు ఎందుకేస్తారమ్మా?" అని అడిగింది. తెలుగు నేర్పాలి, పద్యాలు నేర్పాలి అనుకున్నానే గానీ, ఇలాంటివాటికి సిద్ధపడలేదు. "పడుకో, పొద్దుపోయింది" అన్నాను.

ఫలితాలొచ్చిన రోజు అమ్మే ఫోన్ చేసింది. బాగున్నావా అని కూడా అడగలేదు.

"దాన్ని పిలువు. ఆ మగమ్మ గెలిచిందా?"

"గెలిచింది!" వంటింట్లోంచి కేక.