75 కిలోల బస్తా

కెనడాలో ఏమి చదివి ఏమి చేస్తున్నావని మా కోనసీమలో ఎవరైనా అడిగితే, నడుములు ఎందుకు పాడవుతాయో చూస్తానని చెబుతాను. బయోమెకానిక్స్, అంటే ఒంటి మీద పడే బలాల, కదలికల శాస్త్రం, అనగానే ముఖం తిప్పుకునే మా పెద్దమ్మ, నడుము అనగానే మందు రాసివ్వమంటుంది. మందులు నాకు తెలియవు.

మా ల్యాబులో మనిషి ఒంటికి మెరిసే గోళీలు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి పెట్టెలు ఎత్తిస్తాం. పక్క గదిలో పంది వెన్నుపూసల ముక్కను యంత్రానికి బిగించి వేలసార్లు వంచుతాం. పెద్ద బరువేమీ అక్కర్లేదు. వంచగా వంచగా పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు లోపలి గుజ్జు వెనక పొరలను చీల్చుకుని పొడుచుకు వస్తుంది. ఒక్క దెబ్బకు పోయే నడుములకన్నా ఇలా రోజూ కొంత చొప్పున పోయేవే ఎక్కువని నా నమ్మకం.

నాట్లు వేసే ఆడవాళ్ల చేతిలో నారు కట్ట తప్ప ఏముంది? అయినా ఒంటి బరువులో దాదాపు సగం నడుముకు పైనే ఉంటుంది. పూర్తిగా వంగి ఉంటే వీపు కండరాలు సడలిపోతాయి, భారమంతా ఎముకలను కలిపి పట్టే పట్టీలు, అంటే లిగమెంట్లు, మోస్తాయి. గంటల తరబడి సాగిన లిగమెంటు వెంటనే బిగుసుకోదు. అది ఎవరి లెక్కలోకీ రాని బరువు.

లెక్కలోకి వచ్చే బరువు సంగతీ అంతంతమాత్రమే. అమెరికాలో పనివాళ్ల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నా చేతులతో ఎత్తదగినది 23 కిలోలు. మన ధాన్యం బస్తా 75 కిలోలు. దాన్ని వీపున వేసుకుని చెక్క మీదుగా లారీ ఎక్కే హమాలీకి ‘మోకాళ్లు వంచి ఎత్తండి’ అనే పోస్టరు చూపించడానికి నాకు నోరు రాదు.

మండపేట వైపు ఒక మిల్లులో మేస్త్రితో బస్తా సగం చేస్తే ఎలా ఉంటుందని అన్నాను.

“బస్తా సగమైతే కూలీ సగమవుతుంది బాబూ. పైగా రెండుసార్లు ఎక్కాలి.”

రెండుసార్లు ఎక్కినా వెన్నుకు లాభమే. బరువు సగమైతే ఒక్కో మోతకు కలిగే నష్టం సగంకన్నా చాలా తగ్గుతుంది. కూలీ మాత్రం బస్తాకు కాక క్వింటాలుకు ఇంత అని కట్టాలి, అదనపు నడకకూ కలిపి.

“ఆ మాట యజమానికి చెప్పండి” అన్నాడు మేస్త్రి. చెప్పాను. ఆయన గోనెసంచి ధర ఎంతో లెక్క తీశాడు.