విరిగిందా, పగిలిందా, తెగిందా?

ఇక్కడ పుట్టిన పిల్లల తెలుగులో ముందుగా జారిపోయేవి వస్తువుల పేర్లు కాదు, క్రియలు. న్యూజెర్సీలో మా ఇద్దరు పిల్లల్నీ పెంచుతూ నేను గమనించింది ఇది. పప్పు, నెయ్యి, చెప్పులు, తాళంచెవి, దుప్పటి అన్నీ వాళ్ళకు తెలుసు. వాక్యం చివరికి వచ్చేసరికి మాత్రం ఒక ఇంగ్లీషు క్రియ తెచ్చి, దానికి చేయడమో అవడమో తగిలించేస్తారు. "అమ్మా, పెన్సిల్ బ్రేక్ అయింది." "తమ్ముడు నా బొమ్మ బ్రేక్ చేశాడు."

తెనాలిలో ఉన్న మా చెల్లెలు, "ఇక్కడా అలాగే మాట్లాడుతున్నారే అక్కా, నువ్వెందుకు టెన్షన్ పడతావ్?" అంటుంది. అక్కడా అలాగే మాట్లాడుతున్నారు, ఒప్పుకుంటాను. కానీ అక్కడి పిల్లల చెవిన విరిగింది, తెగింది అన్న మాటలు వీధిలో, బస్సులో, పక్కింటి పెరట్లో పడుతూనే ఉంటాయి. ఇక్కడ మేం అనకపోతే అనేవాళ్ళే లేరు.

బ్రేక్ అన్న మాట ఒక్కటి తీసుకుని చూడండి. గ్లాసు పగులుతుంది. కర్ర విరుగుతుంది. దారం తెగుతుంది. చొక్కా చిరుగుతుంది. ఫోను పాడవుతుంది. చెరువు కట్టకు గండి పడుతుంది. మాట ఇచ్చినవాడు మాట తప్పుతాడు. ఉపవాసం ఉన్నవాళ్ళు ఉపవాసం విడుస్తారు. వీటన్నిటికీ ఇంగ్లీషులో బ్రేక్ అనో, దాని పక్కన ఇంకో చిన్న ముక్క చేర్చో సరిపెట్టుకోవచ్చు. తెలుగులో అలా కుదరదు. నిడుపుగా, బిరుసుగా ఉన్నదైతే విరుగుతుంది. గాజులాంటిది, కుండలాంటిది అయితే పగులుతుంది. తాడులాంటిదైతే తెగుతుంది. అంటే నోరు తెరిచే ముందే ఆ వస్తువు ఎలాంటిదో మనసులో మెదలాలి. మనకు చిన్నప్పుడే అలవాటైంది కాబట్టి ఆ పని జరుగుతోందని కూడా తెలియదు. మా వాడికి మాత్రం ఆలోచించాల్సి వస్తోంది.

మా అమ్మాయికి బడిలో రాత పని ఇచ్చినప్పుడు ఒక నియమం పెట్టారు: ఒకే క్రియను పదేపదే వాడకూడదు, దానికి బదులు ఇంకో మాట వెతకాలి. దగ్గరి అర్థాలున్న మాటలన్నీ ఒకచోట చూపే పుస్తకం, థెసారస్, తెచ్చుకుంది. పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు 1852లో లండన్‌లో మొదట అచ్చు వేయించిన పుస్తకానికి వారసులే ఈ థెసారస్‌లన్నీ. సి. పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో వెలువడింది కూడా ఆ ఏడాదే. ఆ సాయంత్రం ఒక పక్క థెసారస్, ఇంకో పక్క ఫోనులో ఆంధ్రభారతి వెబ్‌సైటులోని తెలుగు నిఘంటువులు పెట్టుకుని కూర్చున్నాం. షాటర్, స్మాష్, క్రాక్, స్నాప్, టేర్, బర్స్ట్ అని తను చదువుతూ ఉంటే, తెలుగులో ఏది దగ్గరగా ఉందో ఇద్దరం వెతికాం.

అప్పుడే నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి బయటపడింది. స్నాప్ అన్న మాట పెన్సిల్‌కీ పనికొస్తుంది, రబ్బర్ బ్యాండ్‌కీ పనికొస్తుంది. టప్పుమని ఒక్కసారిగా జరిగితే చాలు. తెలుగులో పెన్సిల్ విరుగుతుంది, రబ్బర్ బ్యాండ్ తెగుతుంది. ఇంగ్లీషు చప్పుడునూ వేగాన్నీ పట్టుకుంది, తెలుగు వస్తువు తీరును పట్టుకుంది. మా అమ్మాయి కాసేపు ఆలోచించి, "అయితే రెండూ కరెక్టే కదమ్మా" అంది. అవును, రెండూ కరెక్టే. పిల్లలకు రెండు భాషలు ఉండటంలో నాకు కనబడే లాభం అదే.

తెలుగు గొప్ప, ఇంగ్లీషు తక్కువ అని నేను పిల్లలకు చెప్పను. నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థ పరిశోధకులు 28 భాషలవాళ్ళకు ఒకే వీడియోలు చూపించి, కోయడం, విరవడం, చించడం లాంటి పనులను వాళ్ళ భాషలో ఏమంటారో అడిగారు. 2008లో వచ్చిన ఆ అధ్యయనంలో మన పక్కింటి తమిళం కూడా ఉంది. అన్ని భాషలవాళ్ళూ దాదాపు ఒకే రకం తేడాలను గమనిస్తారట. ఎన్ని మాటలుగా విడగొట్టాలి, గీత ఎక్కడ గీయాలి అన్నది మాత్రం ఒక్కో భాషది ఒక్కో పద్ధతి. ఆ గీతలు పోకూడదనే నా తాపత్రయం.

జాబితా రాసి గోడకు అంటిస్తే ఇవి రావు. చేతికి పని చెప్తే వస్తాయి. ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు కొనేటప్పుడు బెండకాయ కొస విరిచి చూడమంటాను. టక్కున విరిగితే లేతది, వంగితే ముదురు. ఇంటికొచ్చాక గోరుచిక్కుడు తుంచాలి, కొబ్బరికాయ కొట్టాలి, అల్లం దంచాలి, చపాతీ తుంచుకుని తినాలి. పాలు విరిగినప్పుడు మా వాడు గిన్నెలోకి తొంగి చూసి, "కర్రలాగా లేవుగా, ఎలా విరిగాయి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మా అత్తగారిది కరీంనగర్. ఆవిడ దగ్గర గ్లాసు పలుగుతుంది, పాలూ పలుగుతాయి, కర్ర ఇరుగుతుంది. పిల్లలు నానమ్మతో ఒకలా, తెనాలి అమ్మమ్మతో ఇంకోలా అంటారు. దాన్ని నేను దిద్దను.

ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషులో గ్లాసు తనంతట తాను పోయినా, మనం పగలగొట్టినా అదే బ్రేక్. తెలుగులో పగలడం వేరు, పగలగొట్టడం వేరు. విరగడం, విరవడం. తెగడం, తెంచడం. చిరగడం, చించడం. మా వాడు మొదట్లో "నేను గ్లాసు పగిలాను" అనేవాడు. ఇప్పుడు తేడా బాగానే తెలిసింది. ఎంత బాగా అంటే, తను చేసిన పనికి కూడా "పగిలిందమ్మా" అంటున్నాడు. "పగిలిందా, పగలగొట్టావా నాన్నా?" అని అడుగుతాను. అప్పుడు నిజం చెప్తాడు.

మనసుకు సంబంధించినవి పెద్దయ్యాక గానీ అందవు. గుండె పగిలింది అంటే తట్టుకోలేని దుఃఖం. మనసు విరిగింది అంటే అది కాదు, ఒకరి మీద ఉన్న ఇష్టం పోయింది, మళ్ళీ అతకదు అని. ఇంగ్లీషు హార్ట్‌బ్రేక్‌లో ఈ రెండోది నాకు కనబడదు. మా అమ్మాయి స్నేహితురాలితో మాటలు మానేసిన రోజుల్లో ఈ తేడా చెప్పాను. తనది మనసు విరగడమే అని తనే తేల్చుకుంది.

కొన్ని చోట్ల అసలు మాట అననే అనం. మంగళసూత్రం తాడు తెగితే తెగింది అనరు, పెరిగింది అంటారు. దీపం ఆరింది అనరు, కొండెక్కింది అంటారు. ఇవి పిల్లలు వాడతారో లేదో తెలియదు. వాళ్ళ అమ్మమ్మ అన్నప్పుడు అర్థం కావాలని మాత్రం చెప్పి ఉంచాను.

ఇప్పుడు ప్లే అన్న ఇంగ్లీషు మాట దగ్గరికి వచ్చాం. మా అమ్మాయి "పియానో ఆడుతున్నా" అంటోంది. వీణ వాయిస్తారు, సన్నాయి ఊదుతారు, డప్పు కొడతారు, నాటకం వేస్తారు, కబడ్డీ ఆడతారు అని చెప్పాను. "మరి ఫోనులో పాట?" అని అడిగింది. పాట పెడతారు.