పొద్దున గంటన్నర, ఒక బొమ్మ: ఓరుగల్లులో రోజువారీ నీటిరంగులు

రోజూ ఒక బొమ్మ వేయాలని మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా పెద్ద కాగితం దగ్గరే ఆగిపోతారు. నేను వాడేది 5.5 × 7.5 అంగుళాల ముక్క. 22 × 30 అంగుళాల పూర్తి షీటు కొంటే ఇలాంటివి 16 వస్తాయి. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) మందం, పూర్తి కాటన్, కోల్డ్ ప్రెస్ అనే కాస్త గరుకు రకం. కత్తెర అక్కర్లేదు. మడతపెట్టి, ఆ మడతను రెండు వైపులకూ వంచి గోటితో గట్టిగా రాసి, స్కేలు ఆనించి చింపితే చాలు. డబ్బులు మిగల్చాలంటే రంగుల్లో మిగల్చండి, కాగితంలో వద్దు. మామూలు డ్రాయింగ్ షీటు మీద రెండో పూత పడగానే కింది పూత లేచి బురదవుతుంది. జనం తమ చేతికి బొమ్మ రాదనుకుని మానేస్తారు గానీ, సగం సార్లు తప్పు కాగితానిదే.

రంగులు ఎనిమిది: లెమన్ ఎల్లో, ఎల్లో ఆకర్, బర్ంట్ సియెన్నా, లైట్ రెడ్, పైరాల్ రెడ్, పర్మనెంట్ రోజ్, అల్ట్రామెరీన్, సెరూలియన్. నలుపు డబ్బాలో పెట్టను. అల్ట్రామెరీన్‌లో బర్ంట్ సియెన్నా కలిపితే పద్మాక్షి గుట్ట బండల బూడిద రంగు దానంతటదే వస్తుంది. నీలం ఎక్కువైతే నీడ, సియెన్నా ఎక్కువైతే ఎండ పడ్డ రాయి. బండల మీద వాన నీళ్లు జారి కట్టిన నల్ల చారలకు కూడా ఇదే జోడీ, నీళ్లు తగ్గించి. అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు వెలుతురుకు వెలిసిపోతుంది కాబట్టి దాని బదులు పర్మనెంట్ రోజ్. కుంచెలు మూడు: 8 నంబరు రౌండు, ముప్పావు అంగుళం ఫ్లాటు, కరెంటు తీగలకూ కొమ్మలకూ 2 నంబరు రిగ్గర్ (పొడుగు వెంట్రుకల సన్న కుంచె). ఇవి కాక 4బి పెన్సిలు, మాస్కింగ్ టేపు, సన్‌బోర్డు (తేలికపాటి ఫోమ్ అట్ట) ముక్క, స్ప్రే సీసా, రెండు నీళ్ల సీసాలు, పాత బనియన్ గుడ్డ. ఒక నీళ్ల సీసా కుంచె కడగడానికి, రెండోది రంగు కలపడానికి. ఒకే నీళ్లతో నడిపిస్తే అరగంటకల్లా పసుపు రంగు మురికిపడుతుంది.

జాగా ముందు రోజు సాయంత్రమే అనుకుంటాను. పొద్దున బండి మీద వెతుక్కుంటూ తిరిగితే ఉన్న వెలుగు కాస్తా పోతుంది. మే నెలలో సూర్యుడు ఆరింటికి ముందే వస్తాడు, ఎనిమిదిన్నరకల్లా తెల్లటి ఎండ కొడుతుంది. జనవరిలో పొద్దు పొడిచేసరికి 6:45 దాటుతుంది, కానీ తొమ్మిదిన్నర దాకా వెలుగు మెత్తగా ఉంటుంది. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. ఆ వేళ గోడకు నీడ ఉండదు, మనిషి నీడ కాళ్ల కిందే ఉంటుంది. నీడ లేని చోట నీటిరంగుకు పట్టు దొరకదు.

ఖిలా వరంగల్ కీర్తి తోరణాలు నాలుగు దిక్కులకూ ఉన్నాయి కాబట్టి వెలుగు ఎంచుకునే వీలుంది. పొద్దున లోపల నిలబడి తూర్పు తోరణాన్ని చూస్తే ఎదురెండ, రాయంతా ఒకే ముదురు ఆకారం. చెక్కడం కనపడాలంటే వెనక్కి తిరిగి పడమటి తోరణం వేయాలి, ఎండ మన వీపు మీదుగా పోయి దాని మీద పడుతుంది. తోరణం స్తంభాలు గీయడంతో మొదలుపెడితే కొలతలు తప్పుతాయి. స్తంభాల మధ్య కనపడే ఆకాశం ముక్కను ముందు గీయండి, దాని ఎత్తూ వెడల్పూ పెన్సిలుతో కొలిచి. అది కుదిరితే రాయి దాని చుట్టూ వచ్చి కూర్చుంటుంది. స్టాండు పెడితే కాపలావాళ్లు అనుమతి అడగొచ్చు, అందుకే బోర్డు ఒళ్లోనే పెట్టుకుంటాను.

కూర్చున్నాక మొదటి పది నిమిషాలు రంగు ముట్టను. స్కెచ్ పుస్తకం మూలకు అగ్గిపెట్టెంత గడి గీసి మూడే మూడు ఛాయలు పెడతాను: కాగితం తెలుపు, నడిమి బూడిద, ముదురు. ఆ గడిలో బొమ్మ నిలబడకపోతే పెద్దదానిలోనూ నిలబడదు, లేచి పది అడుగులు పక్కకు జరగాలి. తర్వాత పెన్సిలు గీతలు పది నిమిషాలు. వాటిలోనే నీడల అంచులు గీసి పక్కన టైం రాస్తాను. అరగంట పోయాక నీడలు జరుగుతాయి, వాటి వెంట పోవద్దు, రాసుకున్న టైం నీడలే వేయాలి. వెంటపడితే ఒకే బొమ్మలో ఏడింటి నీడా ఎనిమిదింటి నీడా కలిసి, గోడ ఎటు తిరిగి ఉందో చూసేవాళ్లకు తెలియదు.

మొదటి పూత పలుచగా, కాగితమంతా ఒకే ఊపులో. అది పూర్తిగా ఆరాక నీడలన్నీ ఒకే పూతలో, చెట్టు నీడ నుంచి గోడ నీడకు, గోడ నుంచి నేలకు కుంచె ఎత్తకుండా. ఆరిందో లేదో కంటితో కాదు, వేళ్ల వెనక వైపుతో చూడాలి. చల్లగా తగిలితే ఇంకా తడే. చివరి ముదురు చుక్కలకు రంగు గట్టి పెరుగంత చిక్కగా ఉండాలి: కిటికీ లోపలి చీకటి, బండి టైరు, మనిషి చెప్పుల కింది గీత. ఇవి పది పన్నెండు చాలు.

ఆరడం దగ్గరే అసలు తిప్పలు. ఏప్రిల్, మే నెలల్లో ఆకాశం పూత సగం వేసేలోపే పై అంచు ఎండిపోయి గట్టి గీత పడుతుంది. అందుకే అప్పుడు కాగితాన్ని వెనక వైపు కూడా తడిపి బోర్డుకు అతికిస్తాను. 100 ఎంఎల్ నీళ్లలో రెండు మూడు చుక్కల గ్లిజరిన్ వేస్తే కొంత సాగుతుంది. అంతకు మించితే రంగు రోజంతా జిగటగా ఉండి దుమ్ము పట్టుకుంటుంది. వానకాలం దీనికి ఉల్టా. పూత అరగంటైనా ఆరదు, ఆరీ ఆరని దాని మీద తడి కుంచె పెడితే నీళ్లు రంగును తోసి గోబిపువ్వు ఆకారంలో మరక వేస్తాయి. మరక పడ్డాక రుద్దితే ఇంకా చెడుతుంది, ఆరనిచ్చి దాని మీద చెట్టు పెట్టేయడమే. ఆ నెలల్లో ఇంకో బెడద, కాగితం మీది జిగురు పూత తేమకు పాడై రంగు మచ్చలు మచ్చలుగా పీల్చుకుంటుంది. షీట్లను జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లాలతో దాచాలి. పాలెట్‌ను కూడా ఆరాకే మూయాలి, లేదంటే బూజు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నాకు వరంగల్ ఏనుమాముల వ్యవసాయ మార్కెట్టే బడి. మిర్చి రాశి వేయడం కష్టం, ఎందుకంటే ఎరుపు మొత్తం ఒకేలా కనపడుతుంది. నిజానికి ఎండ పడే వైపు ఎరుపు నారింజకు దగ్గర, పైరాల్ రెడ్‌లో కొంచెం లెమన్ ఎల్లో. నీడ వైపు పర్మనెంట్ రోజ్‌లో అల్ట్రామెరీన్ చుక్క. నలుపు కలిపితే రాశి కుళ్లినట్టు ఉంటుంది. తేజ రకం సన్నగా, ముదురుగా ఉంటుంది కాబట్టి రాశి అంచున రిగ్గర్‌తో సన్నటి కొనలు తీస్తే చాలు. 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన మన చపాటా రకం పొట్టిగా, లావుగా, నిగనిగలాడుతుంది. దానికి చిన్న తెల్ల మెరుపులు ముందే వదిలిపెట్టాలి. ఒక్కో కాయ గీయకండి. రాశి అంచున ఏడెనిమిది కాయలు వేస్తే మిగతావి కన్నే వేసుకుంటుంది. గాలి వాలుకు కూర్చుంటే తుమ్ములు ఆగవు, పైగా కారం ధూళి తడి పూత మీద పడి చుక్కలవుతుంది. గాలి వచ్చే వైపు కూర్చోవాలి, ముక్కుకు రుమాలు కట్టుకుని.

హమాలీలు ఆగరు. ఆగమనీ అడగకూడదు, వాళ్ల కూలి బస్తాల లెక్క మీద ఉంటుంది. కానీ బస్తా మోసే మనిషి అదే దారిలో, అదే వంగుడుతో మళ్లీ మళ్లీ వస్తాడు. అందుకే పేజీలో నాలుగు భంగిమలు ఒకేసారి మొదలుపెడతాను: బస్తా ఎత్తడం, వీపున మోయడం, దించడం, ఖాళీ చేతులతో వెనక్కి రావడం. ఎవరు ఏ భంగిమలో కనపడితే ఆ బొమ్మకు రెండు గీతలు కలుపుతా. తల చిన్నగా వేయాలి, కొత్తవాళ్లందరూ పెద్దగా వేస్తారు. మనం నిలబడి గీస్తుంటే చదునైన నేల మీద దగ్గరివాళ్ల తలలూ దూరంవాళ్ల తలలూ దాదాపు ఒకే గీత మీద ఉంటాయి, కాళ్లే పైకీ కిందికీ జరుగుతాయి. స్టూలు మీద కూర్చుంటే ఆ గీత వాళ్ల నడుము దగ్గరికి దిగుతుంది. ఈ ఒక్కటి తప్పితే మనుషులు గాలిలో తేలుతారు.

మనుషులను దగ్గరగా వేయాలంటే ముందు అడగడమే మేలు. జామకాయల గంప ముందు కూర్చున్న ముసలమ్మను "అమ్మా, బొమ్మ గీసుకుంటా, ఫొటో గాదు" అంటే, "గియ్యి బిడ్డా, గంప నిండుగ గియ్యి" అన్నది. అయ్యాక చూపించాలి, రెండు కాయలైనా కొనాలి.

పొలాల పచ్చ నెలనెలా మారుతుంది. నారుమడి పచ్చకు లెమన్ ఎల్లోలో సెరూలియన్ కొంచెం. నాట్లు వేసిన కొత్తలో పొలం పచ్చ కాదు, ఆకాశం పడ్డ నీళ్లు, వాటి మీద సన్న గీతలు. కోతకొచ్చిన వరికి ఎల్లో ఆకర్. ఎర్ర చెలకకు లైట్ రెడ్, దాని పక్కన ఏ పచ్చ పెట్టినా అరుస్తుంది కనుక పచ్చలో అదే లైట్ రెడ్ చిటికెడు కలపాలి. తాటిచెట్టు మట్టల కంటే ముందు గెలలకు కట్టిన కల్లు లొట్టి ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి, చెట్టు ఎత్తు దానితోనే తెలుస్తుంది.

వేయి స్తంభాల గుడిలో నల్లరాతి నంది నునుపు వల్ల పైభాగమంతా ఆకాశాన్ని చూపిస్తుంది. వీపు మీద లేత సెరూలియన్, పొట్ట కింద నేల నుంచి తిరిగొచ్చే వెచ్చటి గోధుమ రంగు, మధ్యలో మాత్రమే ముదురు. నల్లగా నింపితే రాయి కాదు, రంధ్రం కనపడుతుంది. అదే గుడిలో ఎంగిలిపూల బతుకమ్మ సాయంత్రం రంగులు పనికిరావు. వెలుతురు చాలదు, జనం కదులుతూ ఉంటారు. పెన్నుతో గీతలు మాత్రం గీసి, తంగేడు పసుపు ఎక్కడ, గునుగు తెలుపు ఎక్కడ అని అక్షరాలతో రాసుకుని ఇంట్లో రంగు వేస్తాను. గునుగుకు కాగితం తెలుపే వదిలిపెట్టాలి, తెల్ల రంగు పూస్తే సున్నం కొట్టినట్టు ఉంటుంది.

కాగితం అంచులకు వేసిన టేపును బొమ్మ పూర్తిగా ఆరాకే, కాగితానికి దాదాపు ఆనించి మెల్లగా వెనక్కి లాగాలి. ఎండకు జిగురు కరిగి ఉంటే బోర్డును ముందు నీడలో పెట్టి చల్లారనివ్వాలి, లేకపోతే అంచు పొర లేచి వస్తుంది. వెనక వైపు చోటు, టైం, నేను చూసిన దిక్కు, వాడిన రంగుల పేర్లు రాస్తాను. మళ్లీ అదే జాగాకు వేరే నెలలో పోయినప్పుడు, ఎన్నింటికి బయల్దేరాలో ఆ రాతే చెబుతుంది.