ఫిల్టర్ వాళ్లూ పెళ్లివాళ్లూ

మావాడు బ్యాంకు ఉద్యోగ పరీక్షలకి చదువుతున్నాడు. సాయంత్రం వాడికి రీజనింగ్ ప్రశ్నలు చదివి వినిపిస్తున్నాను. కుక్కలన్నీ కుర్చీలే. కొన్ని కుర్చీలు మామిడిపళ్లు. కాబట్టి కొన్ని కుక్కలు మామిడిపళ్లు, అవునా కాదా? ఇదేం చదువురా అన్నాను. వాడు మూడు గుండ్రాలు గీసి, "ఆ మామిడిపళ్లు కుక్కలు కాని కుర్చీల్లోవి కావచ్చుగా అమ్మా? కచ్చితంగా తేలనప్పుడు కాదనే పెట్టాలి" అన్నాడు. కుక్కలు కుర్చీలెలా అవుతాయని మాత్రం అడక్కూడదట. ఇచ్చింది ఇచ్చినట్టు నమ్మాలి, పైన ఒక్క ముక్క కలపకూడదు.

ఈ సంగతి ఎదురు ఫ్లాట్ పిన్నిగారికి ఎవరైనా చెప్తే బాగుణ్ణు. పొద్దున మా గుమ్మం ముందు రెండు జతల కొత్త చెప్పులు చూసింది. మా పెద్దది ఆ వేళకి కొత్త చుడీదార్ వేసుకుని ఉంది. అంతే, మధ్యాహ్నానికల్లా అపార్ట్‌మెంట్ మొత్తానికి మా ఇంట్లో పెళ్లిచూపులైపోయాయి. వచ్చింది నీళ్ల ఫిల్టర్ బాగుచేసేవాళ్లు. లిఫ్టులో ఒకావిడ "అబ్బాయి ఏం చేస్తాడమ్మా?" అంటే ఒళ్లు మండిపోయింది. ఫిల్టర్లు మారుస్తాడు అనబోయి ఊరుకున్నాను.

పెళ్లివారొస్తే గుమ్మంలో చెప్పులుంటాయి, నిజమే. చెప్పులుంటే పెళ్లివారేనా? తాతయ్య ఉంటే దీన్ని ఎంత తీరిగ్గా విప్పి చెప్పేవారో. తర్కశాస్త్రం మొదలుపెట్టేవాళ్లు చదివే సంస్కృత పుస్తకం తర్కసంగ్రహం ఆయనకి కంఠతా వచ్చు. 17వ శతాబ్దంలో దాన్ని రాసిన అన్నంభట్టు మన తెలుగువాడేనని, సొంత మేనమామ గురించి చెప్పినట్టు చెప్పేవారు. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని తేల్చొచ్చు, వంటింట్లో చూస్తున్నాం కదా. మరి నిప్పుంటే పొగ ఉన్నట్టేనా తాతయ్యా? ఆ ప్రశ్న కోసమే కాచుక్కూచున్నట్టు నన్ను పొయ్యి దగ్గరికి లాక్కెళ్లారు. కణకణలాడే నిప్పులు, పొగ జాడే లేదు. దొడ్లోంచి తడి కొబ్బరిమట్ట తెచ్చి అందులో తోశారు. ఇల్లంతా పొగ. "చూశావా, పొగ రావడానికి నిప్పొక్కటే చాలదు, తడి కట్టె కూడా కావాలి" అని ఆయన చెబుతూంటే, అమ్మమ్మ దగ్గుతూ, కొంగుతో కళ్లొత్తుకుంటూ వచ్చింది. "ఎర్రగా కాలిన ఇనపగుండుకి పొగ రాదని మీ పుస్తకంలోనే ఉందిగా, ఆ ముక్క చదివి వినిపిస్తే సరిపోదూ? నా పొయ్యే దొరికిందా?" పాపం, వినీ వినీ ఆవిడకీ అంతా వచ్చేసింది.

ఇంత తిట్టుకున్నాక ఇప్పుడు ఇంకోటి గుర్తొస్తోంది. ఆమధ్య ఎనిమిదైనా మా తలుపుకి పాల ప్యాకెట్ వేలాడుతూంటే చూసి, నేను జ్వరంతో పడున్నానని కనిపెట్టింది ఈ పిన్నిగారే. పాల ప్యాకెట్‌కీ జ్వరానికీ ఎన్ని గుండ్రాలు గీసినా లంకె కుదరదు. మొద్దునిద్ర కావచ్చు, ఊళ్లో లేకపోవచ్చు. మావాడి పరీక్షలో అయితే తప్పే, పైగా పావు మార్కు కోత. కానీ ఆవిడ మిరియాల చారు పెట్టి తెచ్చింది. మరి ఆవిడ లెక్క తప్పని ఎలా అనను?

కాకపోతే ఆ రోజు తలుపు కొట్టి చూసింది. ఇవాళ కొట్టలేదు.

రేపు కనబడితే వచ్చింది ఫిల్టర్ వాళ్లేనని చెప్తాను. "ఖాయమయ్యేదాకా బయటపెట్టకపోవడమే మంచిదిలే అమ్మా" అంటుంది, చూస్తూండండి.