ఎనిమిదా, తొమ్మిదా?

చాలా ఏళ్ల కిందట పత్రికలో పేజీలు పెట్టే పనిలో ఉన్నప్పుడు ఒక టీవీ డాక్యుమెంటరీకి పావు పేజీ ప్రకటన చేశాను. చేసి, నా భుజాలు నేనే చరుచుకున్నాను కూడా. మొత్తం చిమ్మచీకటి లాంటి నలుపు, అందులోంచి సగమే బయటికొచ్చిన ఒక ముసలాయన ముఖం, కింద సన్నటి తెల్ల అక్షరాల్లో కార్యక్రమం పేరు, దాని కింద ఇంకా సన్నగా ఏ రోజు, ఏ టైము అన్నది. మానిటర్ మీద చూస్తే అచ్చం సినిమా పోస్టరే. తెల్లారి పేపరొచ్చింది. మా సీనియర్ ఆ పేజీని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నారు, చేయి చాపి దూరంగా పట్టుకున్నారు, చివరికి నా టేబుల్ మీద పడేసి ఒకే ఒక్క మాట అడిగారు. "ఏమయ్యా, ఇది ఎనిమిదా, తొమ్మిదా?"

తొమ్మిదే. కానీ 9 అంకెలోని సన్నటి తెల్ల గీతలు అక్కడక్కడా ఇంకుతో పూడిపోయి, ఎనిమిదో తొమ్మిదో ఎవరూ తేల్చలేకుండా ఉంది. పత్రిక కాగితం ఇంకుని పీల్చుకుంటుంది, పీల్చుకున్నది పక్కకి పాకుతుంది. పైగా నాలుగు రంగులూ నాలుగు ప్లేట్ల నుంచి పడతాయి కాబట్టి అందులో ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా రివర్స్‌లో, అంటే నలుపు మీద తెల్లగా వేసిన సన్నటి అక్షరం లోపలికి రంగు దూరిపోతుంది. నేనేమో నలుపు బాగా చిక్కగా రావాలని నాలుగు ఇంకులూ కలిపి కొట్టాను. ఒక్కో ఇంకు నిండుగా పడితే వంద శాతం అనుకుంటే, న్యూస్‌ప్రింట్ (పత్రిక కాగితం) మీద నాలుగూ కలిపి సుమారు 240 శాతం దాటనివ్వకూడదన్నది మామూలుగా చెప్పే లెక్క, నున్నటి మ్యాగజైన్ కాగితమైతే 300 దాకా తట్టుకుంటుంది. ఆ లెక్క నాకు తెలియక కాదు, మానిటర్ మీద అందం చూసి మర్చిపోయాను. ఒత్తులు, గుడులు, సున్నాల్లాంటి చిన్న చిన్న గుండ్రాలతో నిండిన మన లిపికి ఈ బాధ రెండింతలు. ఆ తర్వాత నుంచి టైము లైను వెనకాల ఒట్టి నలుపు ఇంకే పెట్టాను, అక్షరం కాస్త లావుగా, ఏడు పాయింట్లకి బదులు తొమ్మిది పాయింట్లలో వేశాను. అందం తగ్గింది, టైమెంతని అడిగే ఫోన్లు రావడం కూడా తగ్గింది.

ఆ రోజు నుంచి ఎక్కడ డాక్యుమెంటరీ ప్రకటన కనిపించినా ముందు నా కళ్లు కిందికే పోతాయి. ఎందుకంటే ఆ ప్రకటన అమ్మేది వస్తువుని కాదు, ఒక గంటని. సబ్బు ప్రకటన ఇవాళ చూసి వచ్చే వారం కొనుక్కోవచ్చు, ఫలానా రాత్రి తొమ్మిదికి వచ్చే కార్యక్రమాన్ని పదింటికి గుర్తు తెచ్చుకుంటే ఏం లాభం? అందుకే ఛానల్ లోగో, రోజు, టైము అనే మూడూ ఒకదానికొకటి అతుక్కుని ఒకే చోట ఉంటాయి. లోగో ఒక మూల, టైము ఇంకో మూల పెట్టిన ప్రకటన చూస్తే చేసినవాడు పనికి కొత్తేమో అనుకుంటాను. అమెరికాలో ఈ లైను ఇంకా కుదించి 9/8సి అని రాస్తారు, అంటే తూర్పు టైములో తొమ్మిది, సెంట్రల్ టైములో ఎనిమిది అని. (నా ప్రకటన అక్కడ పడుంటే రెండూ కరెక్టే అయ్యేవి.) అక్కడి టీవీ గైడ్ పత్రిక 1953 నుంచి 2005 దాకా అరచేతిలో పట్టే చిన్న సైజులోనే వచ్చింది. అంత చిన్న పేజీలో సగం ఇస్తే డిజైనర్ ఏం పెట్టగలడు? ఒక ముఖం, ఒక పేరు, ఒక టైము. ఈ రకం ప్రకటనల పొదుపు చాలావరకు అలాంటి ఇరుకులోంచే వచ్చిందని నా అనుమానం.

ఇక ఫొటో సంగతి. బయటివాళ్లు అనుకునేది ఏంటంటే, గంటల కొద్దీ షూట్ చేశారు కదా, అందులోంచి ఒక మంచి ఫ్రేము తీసి పెట్టేస్తే సరి అని. కుదరదు. ఫుల్ హెచ్‌డీ ఫ్రేము 1920 x 1080 పిక్సెళ్లు. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన మ్యాగజైన్‌లో అచ్చేస్తే అది 6.4 అంగుళాల వెడల్పు, 3.6 అంగుళాల ఎత్తు, అంతే. హెచ్‌డీకి ముందు టీవీల్లో వాడిన పాత పాల్ (PAL) పద్ధతి వీడియో అయితే 720 పిక్సెళ్ల వెడల్పు, అంటే రెండున్నర అంగుళాలు కూడా రాదు, దాన్ని ఫుల్ పేజీకి లాగితే పులి కాస్తా గోనెపట్టా అవుతుంది. దానికి తోడు సెకనుకి 25 ఫ్రేములతో తీసేటప్పుడు ఒక్కో ఫ్రేము మామూలుగా సెకనులో 50వ వంతు సేపు వెలుగుని తీసుకుంటుంది. తెర మీద అది సాఫీగా కదిలినట్టుంటుంది, ఆపి చూస్తే మాత్రం పరిగెత్తే జంతువు కాళ్లు పొగలా ఉంటాయి. అందుకే షూటింగ్ దగ్గర స్టిల్ ఫొటోగ్రాఫర్ విడిగా ఉండాలి. డబ్బు తక్కువున్న డాక్యుమెంటరీలో మొదట కత్తిరించేది ఆయన్నే, కాబట్టి ప్రకటన టైముకి అందరూ కలిసి తల పట్టుకుంటారు.

ఇంకో చిక్కు, టీవీ ఫ్రేము అడ్డంగా ఉంటుంది, పేజీ నిలువుగా ఉంటుంది. అడ్డం ఫొటోని నిలువు పేజీలో ఇరికించాలంటే పక్కలు కోయాలి, లేదంటే పైన ఆకాశం, కింద నేల పెంచాలి. మామూలు ప్రకటనలో ఆకాశం పెంచితే అడిగేవాడు లేడు. డాక్యుమెంటరీకి పెంచితే? అది నిజం చూపిస్తానని మాటిచ్చిన సరుకు. ఇక్కడ నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1982 ఫిబ్రవరి సంచిక ముఖచిత్రం. గీజా పిరమిడ్ల అడ్డం ఫొటోని నిలువు అట్టకి సరిపెట్టడానికి కంప్యూటర్‌లో రెండు పిరమిడ్లని దగ్గరికి జరిపారు. దాని మీద గొడవ ఏళ్ల తరబడి నడిచింది. అది పత్రిక అట్టే, టీవీ ప్రకటన కాదు, కానీ చిక్కు మాత్రం సరిగ్గా ఇదే, చేతిలో ఉన్నది అడ్డం, అచ్చేయాల్సింది నిలువు. మంచి ఫొటోగ్రాఫర్ ముందే ఆలోచించి నిలువుగా కొన్ని, తలమీద అక్షరాలకి ఖాళీ వదిలి కొన్ని తీసిపెడతాడు. అలాంటివాడు దొరికితే డిజైనర్ పని సగం అయిపోయినట్టే.

రకాన్ని బట్టి రంగులు కూడా ఖాయమైపోయాయి. నేరాల మీద అయితే సగం ముఖం చీకట్లో, ఎక్కడో ఎర్రటి గీత. చరిత్ర అయితే గోధుమరంగు పాత ఫొటో, దాని మీద ట్రేజన్ అక్షరాలు. ఆ ఫాంటుని 1989లో అడోబీ కోసం కరోల్ ట్వాంబ్లీ గీశారు, రోమ్‌లో ట్రేజన్ స్తంభం కింద చెక్కిన అక్షరాలే దానికి ఆధారం, పాపం ఆవిడ చేసింది చక్కటి పనే, కానీ వాడీ వాడీ జనం దాన్ని అరగదీశారు. ప్రకృతి అయితే జంతువు కళ్లు, సూటిగా మన కళ్లలోకి. నేను ఎగతాళి చేస్తున్నానని అనుకోకండి, ఆ కళ్లు ప్రతిసారీ పనిచేస్తాయి. పేజీ తిప్పే చేతిని ఆపడంలో చూపుని మించింది లేదు. సగం ముఖం మీద మాత్రం నాకు విసుగు పుట్టింది (నేనూ చేశాను కాబట్టి ఇంకొంచెం ఎక్కువ). "నిజంగా ఆ రాత్రి ఏం జరిగింది?" లాంటి ప్రశ్న లైన్ల మీద అంతకన్నా విసుగు. డాక్యుమెంటరీ పేరు చాలాసార్లు తనంతట తానే విషయం చెప్పేస్తుంది, దాని కింద మళ్లీ ప్రశ్న వేయడం పెళ్లికార్డు మీద "పెళ్లి ఎవరిది?" అని అడిగినట్టుంటుంది.

పేరు విషయంలో ఇంకొకటి. సినిమా పోస్టర్ మీద నటుల పేర్లుంటాయి, ఇక్కడ ఆ చోటు గొంతుది. బీబీసీ 2006లో ప్లానెట్ ఎర్త్ అనే ప్రకృతి డాక్యుమెంటరీ వేసినప్పుడు వ్యాఖ్యానం డేవిడ్ అటెన్‌బరోది, మరుసటి ఏడాది అమెరికాలో డిస్కవరీలో వచ్చినప్పుడు హాలీవుడ్ నటి సిగర్నీ వీవర్‌ది. మంచు అదే, జంతువులు అవే, ప్రకటన మీద వేయదగ్గ పేరు మాత్రం దేశాన్ని బట్టి మారిపోతుంది.

అన్నిటికంటే నాకు నచ్చింది బ్రిటన్‌లో ఛానల్ 4 పద్ధతి. 2000ల దశకం మధ్య నుంచి వాళ్ల ప్రింటు ప్రకటనలు చాలావరకు ఒకే ఒరవడిలో ఉండేవి. పేజీ నిండా ఒకే ఫొటో, దాని మీద రంగు పట్టీల్లో ఒకటి రెండు పొట్టి లైన్లు, కుడి అంచున మధ్యలో 4 లోగో. మూల కాదు, అడుగు కాదు, కుడి అంచు మధ్యలో! టీవీలో కూడా అప్పుడు లోగో కుడివైపే కనిపించేది కాబట్టి పేజీ చూసినా తెర గుర్తొచ్చేది. ఇందులో తెలివి ఆ పట్టీల్లో ఉంది. అక్షరం ఫొటో మీద నేరుగా పడదు, తన కింద తన రంగు తానే పరుచుకుంటుంది, కాబట్టి ఫొటో ఎంత గజిబిజిగా ఉన్నా చదవడానికి ఇబ్బంది లేదు, తెల్ల అక్షరం నల్ల ఇంకులో మునిగే భయమూ లేదు. నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్లకైతే లోగో అవసరం కూడా తక్కువే. 1910 నుంచి పత్రిక అట్ట మీదున్న పసుపు చట్రాన్నే ఛానల్ కూడా తెచ్చుకుంది, నాలుగు పసుపు గీతలు గీస్తే చాలు, ఎవరిదో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు స్ట్రీమింగ్ వచ్చాక ఆ కింది లైను పరిస్థితి ఏమీ బాలేదు. టైము పోయింది, రోజు కూడా చాలాసార్లు పోయింది, మిగిలింది యాప్ లోగో, "ఇప్పుడే చూడండి" అనే మాట, మహా అయితే ఒక క్యూఆర్ కోడ్. మొన్న ఒక మ్యాగజైన్‌లో ఫుల్ పేజీ ప్రకటన చూశాను, నలుపు మీద సగం ముఖం, మళ్లీ అదే. అచ్చు మాత్రం అద్భుతం, నలుపు పట్టులా ఉంది. క్యూఆర్ కోడ్‌ని కూడా అందం కోసం రివర్స్‌లో, నలుపు మీద తెల్ల గళ్లతో, బొటనవేలి గోరంత సైజులో వేశారు. ఫోను మూడుసార్లు పెట్టి చూశాను, తీసుకోలేదు.