కదిలే ఇల్లు, కదలని పడవ

కేరళలోని అలెప్పీలో హౌస్‌బోటు ఎక్కిన పావుగంటకే మా ఆవిడ పెదవి విరిచింది. "కొబ్బరి చెట్లు, కాలవ, రేవులో బట్టలుతికే ఆడవాళ్లు. ఏవండీ, దీనికి ఇంత దూరం రావాలా? అమలాపురంలో లేవా ఇవన్నీ?"

నిజమే. కోనసీమ వాళ్లకి అలెప్పీ చుట్టూ ఉన్న ఈ కుట్టనాడు పెద్ద వింతేం కాదు. కానీ గట్టు అవతలి వరి చేను మా పడవ కంటే పల్లంలో ఉండటం చూసి ఇద్దరం నోరెళ్లబెట్టాం. అక్కడి పొలాలు సముద్రమట్టానికి దిగువన ఉంటాయి.

ఆ పడవని కెట్టువళ్లం అంటారు, అంటే కట్టిన పడవ. ఆంజిలి అనే చెట్టు చెక్కల్ని మేకు కొట్టకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేస్తారు. ఒకప్పుడు ధాన్యం మోసేది. లారీలొచ్చాక పని పోయింది, పడగ్గదులు వచ్చాయి. సాయంత్రం అయిదున్నరకల్లా గట్టుకి కట్టేశారు, జాలర్లు వలలు వేసుకోవాలట. అది న్యాయమే. ఏసీ మాత్రం రాత్రి తొమ్మిదింటికి గానీ వెయ్యమని పడవెక్కాక చెప్పడమే బాగాలేదు. కరిమీన్ చేప వేపుడు తిని కోపం దిగమింగాను.

మరుసటి వేసవిలో శ్రీనగర్ వెళ్లాం. దాల్ సరస్సులో హౌస్‌బోటుకి ఇంజనే లేదు, ఉన్నచోటే ఉంటుంది. మహారాజుల కాలంలో బయటివాళ్లకి అక్కడ భూమి కొనే హక్కు లేదు. దాంతో ఇంగ్లీషువాళ్లు నీళ్ల మీదే కాపురం పెట్టారు. దేవదారు గోడలు, చిన్న చిన్న చెక్కముక్కలు పేర్చిన ఖతంబంద్ పైకప్పు, చెక్కడపు పని చేసిన వాల్‌నట్ కుర్చీలు. ఏది ముట్టుకుంటే ఏం విరుగుతుందోనని టెన్షన్. పైగా సబ్బు కొనాలన్నా శికారా అనే చిన్న పడవని పిలవాలి.

భోజనం మాత్రం వెనక నుంచి వచ్చేది. రెండోరోజు అటు తొంగిచూస్తే, ఆనుకుని ఒక పాత డూంగా, అంటే హంగుల్లేని పడవ ఇల్లు. ఓనరు కుటుంబం ఉండేది అందులో. వంట, చదువులు, నిద్ర అన్నీ అక్కడే. కుర్చీ అన్నది లేదు. నన్నడిగితే నేను చూసిన మూడింట్లో ఇల్లంటే అదే, మిగతా రెండూ లాడ్జీలు. ఆ ఇంటి పెద్దావిడ చాప చూపించి కూర్చోమని సైగ చేసి, గులాబీ రంగు నూన్ చాయ్ పోసిచ్చింది.

ఉప్పు టీ నాకు గొంతు దిగలేదు. మా ఆవిడ ఇంకో కప్పు పోయించుకుంది.